పాత ఇంగ్లీషు సారా బొమ్మలతో ప్రదర్శనలు పెట్టేవారికి బహిరంగ లేఖ

మద్యపాన వ్యతిరేక ప్రదర్శనలు ఏర్పాటు చేసే సంస్థల నిర్వాహకులకు, చరిత్ర పాఠాల్లో పాత కార్టూన్లు చేర్చే పుస్తకాల సంపాదకులకు,

నమస్కారం.

గాంధీ జయంతి దగ్గరపడితే చాలు, 'విక్టోరియా కాలపు మద్యపాన వ్యతిరేక కార్టూన్లు' అనే పేరుతో ఆ నాలుగైదు బొమ్మలే మళ్లీ మళ్లీ ఫ్లెక్సీలకెక్కుతున్నాయి. అవి గొప్ప బొమ్మలు. జనం చూడవలసినవి. మా అభ్యంతరం బొమ్మల మీద కాదు, వాటి కింద మీరు రాస్తున్న వివరాల మీద, వాటిని కత్తిరిస్తున్న తీరు మీద. ఇంగ్లీషు చిత్రకారుడు హోగార్త్ గీసిన 'జిన్ లేన్' 1751 నాటిది. విక్టోరియా గద్దెనెక్కింది 1837 జూన్ 20న. మధ్యలో ఎనభై ఆరేళ్ల తేడా ఉంది. తొమ్మిది మెట్ల వంతెన మీద తాగుబోతు ఎక్కి దిగుతున్నట్టు కనిపించే 'డ్రంకర్డ్స్ ప్రోగ్రెస్' 1846లో న్యూయార్క్‌లో నథానియల్ కరియర్ అచ్చువేసిన లితోగ్రాఫ్, అంటే రాతి మీద గీసి తీసిన అచ్చు. దానికీ లండన్‌కీ సంబంధం లేదు. ఇక లండన్ హాస్య వారపత్రిక 'పంచ్' నుంచి మీరు తీసుకునే కార్టూన్లలో కొన్ని తాగుడును కాదు, తాగుడు మానమని చెప్పేవాళ్లను ఎగతాళి చేసినవి. వాటిని తాగుడు మానమని చెప్పే సభలోనే గోడకు తగిలిస్తే, గీసినవాడు చెప్పిందానికి సరిగ్గా ఎదురు అర్థం వస్తుంది.

ముందుగా ఒక మాట తేల్చుకోవాలి. 'టెంపరెన్స్' అనే ఇంగ్లీషు మాటకు మీరు అన్నిచోట్లా 'మద్యనిషేధం' అని రాస్తున్నారు. ఆ ఉద్యమం మూడు దశల్లో నడిచింది, మూడింటికీ మూడు తెలుగు మాటలు కావాలి. 1830 ప్రాంతంలో ఉన్నది మితపానం: జిన్, బ్రాందీ లాంటి ఘాటు సరుకు మానెయ్యి, బీరు తాగితే తప్పులేదు అనేది వాళ్ల మాట. 1832 సెప్టెంబరు 1న ప్రెస్టన్ పట్నంలో జోసెఫ్ లివ్‌సే, మరో ఆరుగురు కలిసి చేసిన ప్రమాణంతో మొదలైంది పూర్తి విసర్జన. బీరు, వైను కూడా ముట్టుకోబోమన్నారు. 1853లో మాంచెస్టర్‌లో యునైటెడ్ కింగ్‌డమ్ అలయన్స్ పుట్టాక వచ్చింది మూడోది, అసలైన నిషేధం. అమెరికాలో మెయిన్ రాష్ట్రం 1851లో చేసిన చట్టం చూసి, ఒట్లూ ప్రమాణాలూ చాలవు, అంగళ్లు మూయించే చట్టం కావాలని అడిగారు వీళ్లు.

ఈ తేడా పండితులకే పనికొచ్చేది అనుకోకండి. తేదీ లేని బొమ్మ చేతికొచ్చినప్పుడు కాలం కట్టడానికి ఇదే పనికొస్తుంది. నీళ్ల పంపు, టీ కెటిల్, గొడుగు పట్టుకున్న బక్కపలచని బోధకుడు కనిపిస్తే అది పూర్తి విసర్జన వాళ్ల మీద ఎగతాళి, ఎక్కువగా 1830లు, 40లు. అంగడి తలుపు మూస్తున్న పోలీసో, బిల్లు కాగితం పట్టుకున్న పార్లమెంటు సభ్యుడో ఉంటే చాలావరకు 1853 తర్వాతది. ఆ సభ్యుడు సర్ విల్‌ఫ్రిడ్ లాసన్ అయితే 1864 తర్వాతదే, ఎందుకంటే పన్ను కట్టేవాళ్లలో మూడింట రెండొంతుల మంది కోరితే ఆ ప్రాంతంలో సారా లైసెన్సులు రద్దుచేసే బిల్లును ఆయన మొదటిసారి తెచ్చింది ఆ ఏడే. కోటుకు నీలి రిబ్బను గుచ్చుకున్న మనిషి ఉంటే 1878కి ఇటువైపు రండి. బ్రిటన్‌లో నీలి రిబ్బను ఉద్యమం అప్పుడు అందుకుంది.

'టీటోటలర్' అనే మాటను 'టీ మాత్రమే తాగేవాడు' అని అనువదించడం చాలాచోట్ల చూశాం. ఆ మాటలో మొదట ఉన్నది టీ అనే అక్షరం, టీ అనే పానీయం కాదు. 1833లో ప్రెస్టన్‌లో రిచర్డ్ టర్నర్ అనే శ్రామికుడు 'టోటల్' అనే మాటను నొక్కిపలకబోయి ముందు ఇంకో 'టీ' చేర్చాడని చెబుతారు. మనం 'మొత్తం' అనకుండా 'మొత్తానికి మొత్తం' అన్నట్టు. కార్టూనిస్టులు మాత్రం ఆ ఉచ్చారణతో ఆడుకుని టీ కెటిళ్లు గీశారు. అందువల్ల బొమ్మలో కెటిల్ ఉంటే వివరణలో ఈ శ్లేష సంగతి ఒక్క వాక్యం రాయాలి, లేకపోతే చూసేవాళ్లకు కెటిల్ ఎందుకుందో తెలియదు.

ఇక మీరందరూ వాడే 'ది బాటిల్' సంగతి. లండన్ కార్టూనిస్టు జార్జ్ క్రూక్‌షాంక్ 1847లో గీసిన ఎనిమిది బొమ్మల వరస అది. మీ ప్రదర్శనల్లో ఎక్కువగా కనిపించేది ఏడో బొమ్మ ఒక్కటే: భర్త తాగిన మత్తులో సీసాతో భార్యను చంపిన దృశ్యం. భయం పుట్టిస్తుంది కాబట్టి దాన్నే ఎంచుకుంటున్నారు. కానీ క్రూక్‌షాంక్ పనితనం భయంలో లేదు, గదిలో ఉంది. వరసలో ఎక్కువ భాగం ఆ సంసారం నాలుగు గోడల మధ్యే నడుస్తుంది. మొదటి బొమ్మలో పొయ్యిలో మంట ఉంటుంది, గోడకు పటం, పొయ్యి గట్టు మీద చిన్న చిన్న అలంకారాలు, బల్ల మీద భోజనం, పిల్లలు, పిల్లి. భర్త గ్లాసు అందిస్తూ 'ఒక్క చుక్క పుచ్చుకో' అంటాడు. రెండో బొమ్మలో అతని పని పోయింది, బట్టలు తాకట్టుకు వెళుతున్నాయి, పొయ్యి చల్లారింది, పిల్లి చిక్కిపోయింది. మూడోదాంట్లో జప్తు అమీనాలు సామాను మోసుకుపోతుంటే మొగుడూ పెళ్లాం సీసా పట్టుకుని కూర్చుంటారు. నాలుగోదాంట్లో వీధిలో బిచ్చం. అయిదోదాంట్లో చలికీ ఆకలికీ చిన్నబిడ్డ చనిపోతుంది, గదిలో చిన్న శవపేటిక. ఆరోదాంట్లో కొట్లాట. ఏడోది హత్య. ఎనిమిదోదాంట్లో భర్త పిచ్చాసుపత్రిలో ఉంటాడు, చెడుదారి పట్టిన కొడుకూ కూతురూ చూడ్డానికి వస్తారు.

మొదటి బొమ్మనూ రెండో బొమ్మనూ పక్కపక్కన పెట్టి పొయ్యిని చూడండి, పిల్లిని చూడండి. బొమ్మ కింది వాక్యం చదవకపోయినా జీతం ఆగిపోయిందని తెలుస్తుంది. ఎనిమిదో బొమ్మలో మళ్లీ మంట కనిపిస్తుంది, ఈసారి దాని చుట్టూ ఇనప కంచె ఉంటుంది, పిచ్చివాళ్లు పడకుండా. చదువురాని కార్మికుడు కూడా చదవగలిగేలా సామానుతోనే కథ చెప్పాడాయన. ఏడో బొమ్మను విడదీసి వేలాడదీస్తే ఇదంతా పోయి, ఒక దుర్మార్గుడు పెళ్లాన్ని చంపాడనే వార్త మాత్రం మిగులుతుంది. చోటు లేకపోతే మొదటిది, రెండోది, మూడోది పెట్టండి. ఒకే ఒక్కటి పెట్టే చోటుంటే రెండోది పెట్టండి. ఏడోదాన్ని ఒంటరిగా మాత్రం పెట్టకండి.

ఈ బొమ్మల గీతలు మొరటుగా ఉన్నాయని కొందరు కంప్యూటర్‌లో నునుపు చేస్తున్నారు. ఆ మొరటుతనానికి కారణముంది. క్రూక్‌షాంక్ ఎచ్చింగ్‌లో ఆరితేరినవాడు. అయితే రాగిరేకు మీద యాసిడ్‌తో కొరికించే ఎచ్చింగ్‌ను వేలకు వేలు అచ్చువేస్తే గీతలు అరిగిపోతాయి, అచ్చుకు మనిషి శ్రమా ఎక్కువే. ఎనిమిది బొమ్మలు కలిపి ఒక షిల్లింగుకే అమ్మాలన్నది పట్టుదల. అందుకని ఎడ్వర్డ్ పామర్ 1842లో పేటెంటు తీసుకున్న గ్లిఫోగ్రఫీ అనే పద్ధతి పట్టారు. రాగిరేకును మందుతో నల్లబరుస్తారు. దాని మీద మైనంలాంటి తెల్లటి పూత పట్టిస్తారు. చిత్రకారుడు సూదితో పూతను గీకుతుంటే అడుగు నలుపు బయటపడుతుంది. అంటే కాగితం మీద సిరాతో గీసినట్టే తెలుపు మీద నల్లగీత కనబడుతుంది, కుడిఎడమలు తిప్పి గీయనక్కర్లేదు. తర్వాత, అచ్చులో ఖాళీగా తెల్లగా రావలసిన పెద్ద పెద్ద చోట్ల పూతను ఇంకా ఎత్తుగా కడతారు. కట్టకపోతే అచ్చువేసేటప్పుడు సిరా రోలరు ఆ లోతుల్లోకి దిగి మరకలు పడతాయి. ఆపైన విద్యుత్తుతో దాని మీద రాగిని పేరబెట్టి, ఆ రాగి పెంకును ఊడదీసి, వెనక సీసం పోసి, చెక్కకు బిగిస్తే అక్షరాలతో పాటు మామూలు ప్రెస్సులో అచ్చయ్యే దిమ్మ తయారవుతుంది.

చిక్కెక్కడంటే, దగ్గర దగ్గరగా గీతలు గీస్తే మధ్యలో మిగిలిన సన్నటి మైనం కట్ట పొడిపొడిగా రాలిపోతుంది. కాబట్టి గీతకూ గీతకూ మధ్య ఎడం ఉంచక తప్పదు. ఎచ్చింగ్‌లోనైతే యాసిడ్‌లో ఎక్కువసేపు ఉంచిన గీత ముదురుగా, తక్కువసేపు ఉంచింది లేతగా వస్తుంది. ఇక్కడ ఆ వీలు లేదు, అన్ని గీతలూ ఒకే నలుపు. నీడలు ముద్దగా, బరువుగా కనిపించేది అందుకే. ఆ బరువు చౌకధర తెచ్చిన బరువు. దాన్ని నునుపు చేస్తే, ఈ బొమ్మ కార్మికుల ఇళ్లకు చేరడం కోసం ఏం వదులుకుందో ఆ గుర్తును మీరు చెరిపేస్తున్నట్టు.

ఇంత చెప్పాక, ఈ బొమ్మల్లోని లోటు కూడా చెప్పాలి. అది 1847లోనే ఒకాయన పట్టుకున్నాడు. నవలాకారుడు చార్లెస్ డికెన్స్ 'ది బాటిల్' పనితనాన్ని మెచ్చుకున్నాడు కానీ, ఆ కథ మొదలైన తీరును ఒప్పుకోలేదు. మొదటి బొమ్మలో ఇల్లు కళకళలాడుతోంది, లోటు ఏమీ లేదు, ఊరికే సీసా బయటికొచ్చింది. నిజానికి తాగుడు దుఃఖంలోనో, పేదరికంలోనో, అజ్ఞానంలోనో మొదలవుతుంది, అక్కణ్ణుంచి మొదలుపెట్టి ఉంటే బొమ్మ రెండు అంచుల కత్తి అయ్యేది అన్నాడు. తాగేవాడికీ తగిలేది, తాగేలా చేసినవాళ్లకూ తగిలేది. తర్వాతి ఏడు దాని కొనసాగింపుగా 'ది డ్రంకర్డ్స్ చిల్డ్రన్' వచ్చినప్పుడు, 1848 జూలై 8 నాటి 'ఎగ్జామినర్' పత్రికలో ఆయన మళ్లీ ఇదే రాశాడు.

మేం ఈ లేఖ రాయడానికి అసలు కారణం ఇదే. 'ది బాటిల్' ఎనిమిది బొమ్మల్లో సారా కాచేవాడు లేడు. లైసెన్సు ఇచ్చేవాడు లేడు. పన్ను వసూలు చేసుకునే ఖజానా లేదు. ఇంగ్లండులో 1825లో ఘాటు సారా మీద పన్ను తగ్గించారు. 1830 బీరు చట్టంతో, పన్ను కట్టే ఏ గృహస్థయినా రెండు గినీలు చెల్లిస్తే ఇంట్లోనే బీరు అంగడి పెట్టుకోవచ్చన్నారు. ఆరు నెలల్లో 24 వేల పైచిలుకు కొత్త అంగళ్లు వెలిశాయి. ఈ సంగతులు తెలియని మనిషికి 'ది బాటిల్' చూపిస్తే తప్పంతా ఆ గదిలోనే ఉందనిపిస్తుంది. దాని పక్కన ఒక చిన్న పలక పెట్టి ఈ రెండు చట్టాల తేదీలు రాయండి. డికెన్స్ అడిగిన రెండో అంచు అప్పుడు వస్తుంది.

క్రూక్‌షాంక్ ఆ రెండో అంచు గీయనివాడేం కాదు. గీసినప్పుడు ఏమైందో కూడా మీ ప్రదర్శనలో ఉండాలి. 'ది బాటిల్' గీస్తున్నప్పటికి ఆయన ఇంకా తాగుతూనే ఉన్నాడు. బొమ్మలు చూపించడానికి తీసుకెళితే నేషనల్ టెంపరెన్స్ సొసైటీకి చెందిన విలియం క్యాష్, ఇంత తెలిసి నువ్వెందుకు తాగుతున్నావని అడిగాడట. ఆ తర్వాత మానేసి చనిపోయేదాకా, అంటే 1878 దాకా, ముట్టలేదు. 1860 నుంచి 1862 దాకా కూర్చుని 'ది వర్షిప్ ఆఫ్ బాకస్' (మద్యదేవుడు బాకస్‌కు పూజ) అనే తైలవర్ణ చిత్రం వేశాడు. ఎత్తు 236 సెంటీమీటర్లు, వెడల్పు 406. ఎనిమిది వందలకు పైగా మనుషులు. ఇందులో బీద కార్మికుడి గది లేదు. నామకరణంలో తాగుతున్న బంధువులున్నారు, పెళ్లిలో తాగుతున్న పెద్దమనుషులున్నారు, మతాచార్యులున్నారు, సైనికాధికారులున్నారు. వెనకాల సారా బట్టీల, బీరు కార్ఖానాల పొగగొట్టాలూ, వాటి పక్కనే జైలూ పిచ్చాసుపత్రీ ఉన్నాయి.

ఆ చిత్రం ప్రదర్శనకు జనం పలచగా వచ్చారు. పెట్టిన శ్రమకూ డబ్బుకూ సరిపడా రాబడి లేదు. 'ది బాటిల్' మాత్రం విడుదలైన ఏడే లండన్ రంగస్థలం మీద నాటకమైంది, తర్వాత దీపం వెలుగుతో తెర మీద బొమ్మ చూపే మ్యాజిక్ లాంతరు గాజుపలకలుగా ఊరూరూ తిరిగింది. ఒక్క కాన్వాసు మీద ఎనిమిది వందల మందిని కుక్కితే కన్ను నిలవదు, అది చిత్రంగా దాని లోపమే. కానీ పేదవాడి ఇంటి బొమ్మను కొన్న చేతులు పెద్దమనుషుల పెళ్లి బొమ్మను కొనడానికి ముందుకు రాలేదన్నది కూడా మాకు స్పష్టంగానే కనిపిస్తోంది. 1869లో అది నేషనల్ గ్యాలరీకి చేరింది, ఇప్పుడు లండన్ టేట్ మ్యూజియం సంగ్రహంలో ఉంది. దాన్ని మొత్తంగా ఫ్లెక్సీ మీద వేస్తే చీమలబారులా ఉంటుంది. నామకరణం భాగం, పెళ్లి భాగం, పై అంచున ఉన్న పొగగొట్టాల భాగం విడివిడిగా తీసి వేయండి. కత్తిరించడం తప్పుకాని ఒకే ఒక్క బొమ్మ ఇది.

ఇప్పుడు మన తెలుగువాళ్లకు దగ్గరగా తగిలే బొమ్మ. 1835లో క్రూక్‌షాంక్ 'ది జిన్ జగర్‌నాథ్' అనే ఎచ్చింగ్ వేశాడు. సారా భవనాన్ని ఒక పెద్ద రథంగా చేసి, అది జనం మీదుగా దొర్లిపోతున్నట్టు చూపించాడు. ఆ జగర్‌నాథ్ ఎవరో కాదు, మన పూరీ జగన్నాథుడు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లు ఏటా రైలెక్కి రథయాత్రకు పోయే ఆ స్వామి పేరే. క్లాడియస్ బుకానన్ అనే క్రైస్తవ మతాచార్యుడు 1806లో పూరీ వెళ్లి, భక్తులు రథచక్రాల కింద పడి చస్తారన్న కథనాన్ని 1811లో పుస్తకంగా వేశాడు. అది ఇంగ్లండులో విపరీతంగా చదివారు. లక్షల జనం తాళ్లు లాగే రథం కింద అప్పుడప్పుడూ జరిగే ప్రమాదాలు, ఏ కొద్దిమందో చేసిన ఆత్మాహుతులు, ఆ దేవుడి స్వభావమే అన్నట్టు ప్రచారమయ్యాయి. ఇంగ్లీషులో 'అడ్డొచ్చినదాన్నల్లా నలిపేసే శక్తి' అనే అర్థంలో ఆ పేరు స్థిరపడిపోయింది.

అందువల్ల ఈ బొమ్మను ప్రదర్శనలో పెడితే రెండు సంగతులూ చెప్పాలి. సారా వ్యాపారాన్ని, తాగేవాడిని కాకుండా అంగడినే, ముద్దాయిగా నిలబెట్టిన బలమైన బొమ్మ ఇది. ఆ పని చేయడానికి ఒడిశా ప్రజల దేవుణ్ణి, వాళ్ల గురించి తెలిసీ తెలియని ఒక కథనాన్ని వాడుకుంది. ఒకటి చెప్పి రెండోది దాచడం న్యాయం కాదు. దీన్ని 'ఆంగ్లేయుడు గీసిన పూరీ రథయాత్ర' అని మాత్రం ఎక్కడా రాయకండి. ఇందులో ఉన్నది లండన్ వీధి. బొమ్మ ఉపశీర్షికలో 'ఈ యుగపు మహా స్పిరిట్‌కు పూజ' అనే అర్థం వచ్చే మాట ఉంది. ఇంగ్లీషులో స్పిరిట్ అంటే ఆత్మ, సారా రెండూ. తెలుగులో 'యుగాత్మ' అని రాస్తే సారా పోతుంది, 'సారా' అని రాస్తే ఆత్మ పోతుంది. స్పిరిట్ అనే మాట మన జనానికి తెలిసిందే కాబట్టి దాన్నలాగే ఉంచి, కింద ఒక వాక్యంలో శ్లేష విప్పడం మేలు. పనిలో పనిగా, 1835 కూడా విక్టోరియా కాలం కాదని గమనించండి, అప్పటికి రాజు నాలుగో విలియం.

ఎగతాళి బొమ్మల విషయానికొస్తే, వాటిని తీసెయ్యమని మేం అడగడం లేదు. వేరే గోడ మీద, వేరే పేరు కింద పెట్టమంటున్నాం. ఎందుకు ఎగతాళి చేశారో తెలిస్తేనే అవి అర్థమవుతాయి. 'నీళ్లు తాగండి' అనే సలహా ఆనాటి లండన్‌లో నవ్వులాటగా ఉండడానికి కారణం నీళ్లే. 1850లో ఆర్థర్ హాసల్ అనే వైద్యుడు లండన్ నీటిని సూక్ష్మదర్శినిలో చూసి అందులోని జీవులను బొమ్మలతో సహా ప్రకటించాడు. ఆ ఏడే 'పంచ్'లో ఒక లండన్ నీటిబొట్టు కార్టూన్ వచ్చింది. 1854లో లండన్ బ్రాడ్ స్ట్రీట్ పంపు నీళ్ల వల్ల కలరా వ్యాపించినప్పుడు, అదే వీధిలోని బీరు కార్ఖానాలో పనిచేసే డెబ్బై మందికి పైగా కూలీల్లో ఒక్కరూ కలరాతో చనిపోలేదు. వాళ్లకు రోజూ బీరు ఇచ్చేవారు, కార్ఖానాకు సొంత బావి ఉండేది, ఆ పంపు ముట్టలేదు. ఈ సంగతి రాసిపెట్టిన డాక్టర్ జాన్ స్నో స్వయంగా మద్యం ముట్టనివాడు. ఇష్టంలేని సాక్ష్యాన్ని కూడా దాచకుండా రాసిన మనిషి. పరిశుభ్రమైన నీళ్లు ఇవ్వకుండా బీరు మానమనడం కుదరదని ఉద్యమకారులకూ అర్థమైంది. 1859 ఏప్రిల్‌లో లండన్‌లో మొదటి ఉచిత మంచినీటి కొళాయి పెట్టిన సంఘానికి మద్యవిసర్జన వాళ్ల అండ ఉంది. పంపు బొమ్మ ఉన్న ప్రతి ఎగతాళి కార్టూన్ పక్కన ఈ నాలుగు వాక్యాలూ ఉండాలి.

రెండో కారణం స్వేచ్ఛ వాదం. 1872లో ప్రభువుల సభలో పీటర్‌బరో బిషప్ మగీ, బలవంతంగా మత్తు వదిలించిన ఇంగ్లండు కన్నా స్వేచ్ఛగా ఉన్న ఇంగ్లండే మేలు అనే అర్థంలో మాట్లాడాడు. మూడోది కపటం మీద కోపం. 1837 నాటి డికెన్స్ నవలలో తాగి సభకొచ్చి, తాగనివాణ్ణి పట్టుకుని తాగావని దబాయించే బోధకుడు స్టిగ్గిన్స్ ఆ కపటుల జాతికి మూలపురుషుడు. 'పంచ్' చదివేది మధ్యతరగతి, క్లబ్బుల జనం. తమ వైను జోలికి రానంతవరకు వాళ్లకు ఉద్యమంతో తగువు లేదు. వివరణలో ఇది కూడా రాయండి.

పంచ్ కార్టూన్ల అచ్చు గురించి చెప్పేది కొద్దిగా ఉంది. బుధవారం రాత్రి విందులో సంపాదకవర్గం విషయం తేల్చేది. పంచ్ ముఖ్య కార్టూనిస్టు జాన్ టెనియల్ గురువారం ఆలోచించి చిత్తుబొమ్మ వేసి, శుక్రవారం రోజంతా కూర్చుని బాక్స్‌వుడ్ అనే గట్టి చెక్క దిమ్మ మీద తిరగేసి గీసి సాయంత్రానికి ఇచ్చేసేవాడు. జోసెఫ్ స్వైన్ కార్ఖానాలో ఒక్క రోజులో దాన్ని చెక్కేవారు. బాక్స్‌వుడ్ చెట్టు మాను సన్నం కాబట్టి పుట మొత్తానికి సరిపడే దిమ్మ ఒక్క ముక్కలో దొరకదు, ముక్కల్ని అతికించేవారు. అతుకు కాస్త వదిలితే బొమ్మకు అడ్డంగానో నిలువుగానో వెంట్రుకవాసి తెల్లగీత పడుతుంది. స్కాన్‌లో ఆ గీత కనిపిస్తే కాగితం మడత అనుకుని పూడ్చకండి. అది అసలు అచ్చు అనడానికి సాక్ష్యం.

స్కాన్ 600 డీపీఐలో, గ్రేస్కేల్‌లో తీయండి. నలుపు తెలుపు మాత్రమే ఎంచుకుంటే సన్నగీతలు అతుక్కుపోయి నీడలు బొగ్గుముద్దలవుతాయి. తర్వాతి కాలపు పుస్తకాల్లో చుక్కల అచ్చుతో పునర్ముద్రించిన బొమ్మలను స్కాన్ చేస్తే బట్ట నేతలాంటి అలలు వస్తాయి. అవి కనిపిస్తే ఆ ప్రతిని వదిలేసి అసలు సంచిక వెతకండి. చేతిలో పట్టుకుని చూడ్డానికి గీసిన బొమ్మను ఆరడుగుల ఫ్లెక్సీకి లాగితే గీతలు వాసాల్లా కనిపిస్తాయి, నీడ అనేది కరిగిపోతుంది. రెండింతలు, మహా అయితే మూడింతలు పెంచండి, అంతే. పంచ్ పెద్ద కార్టూన్ పుట తలభాగంలో పత్రిక పేరు, తేదీ అచ్చయి ఉంటాయి. చాలామంది అందం కోసం దాన్నే ముందు కత్తిరిస్తున్నారు. బొమ్మకు పుట్టిన తేదీ అదే కదా, ఉంచండి. బొమ్మ కుడిఎడమలు మారిపోయిందేమోనన్న అనుమానం వస్తే సీసాల మీద, అంగడి బోర్డుల మీద అక్షరాలు చూడండి. ఆ అక్షరాలు తిరగబడితే బొమ్మా తిరగబడినట్టే. రంగులున్న ప్రతుల్లో చాలావాటికి రంగు తర్వాత చేర్చిందే.

మన దగ్గర ఈ బొమ్మలు పెట్టేటప్పుడు ఇంకొక్కటి. మన పోస్టర్లలో ఇప్పటికీ 'ది బాటిల్' అచ్చే నడుస్తోంది: తాగి పడిపోయిన మొగుడు, ఏడ్చే భార్య, ఖాళీ గిన్నెలు, తాకట్టుకు పోయే పుస్తెలు. కానీ 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు కదిలినప్పుడు వాళ్లు గురిపెట్టింది అంగడి మీద, సారా వేలంపాట మీద. అక్షరదీపం అనే అక్షరాస్యత తరగతుల్లో సారా మీద పాఠం చదివి, ఊరి అంగడి మూయించి, జిల్లా కేంద్రంలో వేలంపాటలు జరగనివ్వకుండా అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. క్రూక్‌షాంక్ 1862లో గీసినా జనం కొనని ఆ పొగగొట్టాల వరస ఎటు చూపించిందో, మన ఆడవాళ్లు బొమ్మలేమీ లేకుండానే అటు నడిచారు. మీ ప్రదర్శనలో 'ది బాటిల్' రెండో బొమ్మకు ఎదురుగోడ మీద ఆనాటి వేలంపాటల ప్రకటన ఏదైనా దొరికితే పెట్టండి. జిల్లా గెజిట్లలో, ఆ ఏళ్ల దినపత్రికల పాత సంచికల్లో వెతికితే దొరకాలి.

పలక ఎలా రాయాలని అడుగుతారేమో, నమూనా ఒకటి ఇస్తున్నాం. 'ది బాటిల్, ఎనిమిదింటిలో రెండోది. గీసింది జార్జ్ క్రూక్‌షాంక్, లండన్, 1847. గ్లిఫోగ్రఫీ. ఎనిమిదీ కలిపి ధర ఒక షిల్లింగు. బొమ్మ కింది మాటలకు తెలుగు: తాగినందుకు పనిలోంచి తీసేశారు, సీసా నింపడానికి బట్టలు తాకట్టు పెడుతున్నారు.' ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎలా అచ్చయింది, ఎంతకు అమ్మారు, కింద ఏం రాసి ఉంది: ఈ ఆరూ ప్రతి బొమ్మకూ ఉండాలి. ఏదైనా తెలియకపోతే ఆ చోటు ఖాళీగా వదిలేయండి, ఊహించి రాయకండి. బొమ్మ ఎవరిని ఎగతాళి చేస్తోందో చెప్పే ఏడో వాక్యాన్ని మాత్రం, బొమ్మ ముందు కనీసం పది నిమిషాలు నిలబడి చూశాకే రాయండి.

ఇట్లు,
పాత అచ్చుబొమ్మలు చదివే కొందరం